ఖాతాలో పడింది, చేతికి రాలేదు

శుక్రవారం సాయంత్రం పని దిగి, బూట్ల మట్టి దులుపుకుని, ట్రక్కులో కూర్చునే ఫోన్‌లో నాలుగు మీటలు నొక్కితే చాలు. క్యారీలో మన కష్టార్జితం ఊళ్లో అమ్మ ఖాతాలో జమ. ఇక్కడ మనకింకా పొద్దు గుంకదు, అక్కడ శనివారం కోడి కూస్తుంటుంది. ఒకప్పుడు డ్రాఫ్టు తీసి, కవర్లో పెట్టి, పోస్టులో వేసి, అది చేరిందో లేదో అని వారాల తరబడి ఎదురుచూసిన పెద్దలు మన మధ్యనే ఉన్నారు. వాళ్లకిది ఇంద్రజాలంలాగే కనిపిస్తుంది.

ఆ ఇంద్రజాలం ఎక్కడ ఆగిపోతోందో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

మొన్నామధ్య మేం పంపిన డబ్బు అమ్మ ఖాతాలో పడటానికి కొన్ని నిమిషాలే పట్టింది. అందులోంచి రెండు వేల రూపాయలు ఆమె చేతికి రావడానికి మాత్రం నాలుగు రోజులు పట్టింది. మాది శ్రీకాకుళం వైపు కొండవార ఊరు. బ్యాంకు మండల కేంద్రంలో ఉంది, 14 కిలోమీటర్లు. ఊళ్లో బ్యాంకు మిత్ర ఉంది, వేలిముద్ర మిషన్ ఉంది. శనివారం ఆ మిషన్ అమ్మ వేలిని మూడుసార్లు చూసి మూడుసార్లూ కాదంది. రెండో శనివారం కాబట్టి బ్యాంకుకు సెలవు. ఆదివారం సరేసరి. సోమవారం ఆటో ఎక్కి మండలానికి వెళ్తే సర్వర్ లేదన్నారు. మంగళవారం మళ్లీ వెళ్తే ఇచ్చారు. ఆటోకు రోజుకు 80 చొప్పున 160 రూపాయలు, రెండు రోజుల పని పోయింది. ఫోన్‌లో అమ్మ అన్న మాట ఇది: "పడ్డాయనే అంటన్నారు బాబూ, నా సేతిలోకైతే రాలేదు."

ఇది మా ఒక్కరి ఇంటి గోడే అయితే పత్రికకు ఎక్కించాల్సిన పనిలేదు. 2014 ఆగస్టు 28న జన్‌ధన్ యోజన మొదలైంది. 2023 నాటికి ఆ ఖాతాలు 50 కోట్లు దాటాయి. ప్రపంచ బ్యాంకు లెక్క ప్రకారం 2011లో మన దేశంలో పెద్దవాళ్లలో ఖాతా ఉన్నవారు 35 శాతం, 2021కి 78 శాతం. ఇది చిన్న ఘనత కాదు, కాదనేవాళ్లు కళ్లున్నా చూడనట్టే. కానీ అదే 2021 లెక్కలో ఇంకో అంకె ఉంది. ఖాతా ఉన్నవాళ్లలో 35 శాతం మంది ఏడాది పొడవునా ఒక్కసారైనా డబ్బు వేయలేదు, తీయలేదు. ఖాతా తెరిపించినవారు ఎందరో అన్నది ప్రతి సభలో చెబుతారు. ఖాతా ఎందుకు నిద్రపోతోందన్నది ఎవరూ చెప్పరు. మా అమ్మలాంటివాళ్లను అడిగితే చెబుతారు.

మేం సాఫ్ట్‌వేర్ వాళ్లం కాం. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి, భార్యల ఉద్యోగాల వెంట ఈ ఊరొచ్చి, పర్మిట్ చేతికొచ్చాక కట్టడాల పనిలో కుదురుకున్నవాళ్లం. మొదట్లో సోషల్ సెక్యూరిటీ నంబరు లేక ఒక బ్యాంకు కౌంటర్ దగ్గర్నుంచి వెనక్కి తిరిగొచ్చినవాళ్లమే. చదువుంది, ఇంగ్లిషుంది, చేతిలో పాస్‌పోర్టుంది, అయినా ఆ రోజు తల దించుకునే బయటికొచ్చాం. అందుకే బ్యాంకు గడప ఎంత ఎత్తో మాకు కొంత తెలుసు.

మా సైట్లలో గోడలు కట్టేది, కప్పులు వేసేది, కాంక్రీటు పోసేది ఎక్కువగా మెక్సికో, గ్వాటెమాలా, హోండురాస్ నుంచి వచ్చినవాళ్లు. మన పాలమూరు, సిక్కోలు వలస కూలీల లాంటివాళ్లే, దేశం మాత్రం వేరు. క్యారీకి అరగంట దూరంలో ఉన్న డర్హమ్‌లో 1990ల చివర్లో వీళ్లపై వరసగా దోపిడీలు జరిగాయి. కారణం చాలా చిన్నది. వీళ్లకు బ్యాంకు ఖాతాలు లేవు. జీతం చెక్కు మార్చే కొట్టులో ఇచ్చి, వాడు కోసుకున్నది పోగా మిగిలిన నగదు జేబులోనో పరుపు కిందో పెట్టుకునేవాళ్లు. జీతం రోజు ఎవరి జేబులో డబ్బుంటుందో దొంగకు తెలుసు. నడిచే ఏటీఎంలని వీళ్లకు పేరు కూడా పెట్టారు.

దానికి డర్హమ్ వెతుక్కున్న జవాబు పోలీసు గస్తీ ఒక్కటే కాదు. 2000లో అక్కడ లాటినో కమ్యూనిటీ క్రెడిట్ యూనియన్ పుట్టింది. ఎల్ సెంట్రో హిస్పానో అనే వలస ప్రజల సంస్థ, 1980 నుంచి డర్హమ్‌లో పనిచేస్తున్న సెల్ఫ్ హెల్ప్, ఈ రాష్ట్ర ఉద్యోగుల క్రెడిట్ యూనియన్ కలిసి నిలబెట్టాయి. సభ్యులే యజమానులు, అంటే మన పొదుపు సంఘం లాంటిదే, కాకపోతే చట్టం, డిపాజిట్ బీమా దన్నుగా ఉన్నది. కౌంటర్ వెనకున్నవాళ్లు స్పానిష్ మాట్లాడతారు. సొంత దేశపు పాస్‌పోర్టు, కాన్సులేట్ ఇచ్చిన కార్డు చూసి ఖాతా తెరుస్తారు. కొన్నేళ్లలోనే షార్లెట్, రాలీ, గ్రీన్స్‌బరో, ఫాయెట్‌విల్ ఊళ్లకు పాకింది.

ఇందులో గొప్ప యంత్రం ఏదీ లేదన్నది గమనించాలి. అమెరికాలో కరెంటుకు కొదవా, నెట్‌వర్కుకు కొదవా? వీధికొక బ్యాంకు ఉన్న ఊళ్లోనే వేలాది మందికి బ్యాంకు అందలేదు. ఇప్పటికీ పూర్తిగా అందలేదు. 2023లో అమెరికా డిపాజిట్ బీమా సంస్థ లెక్క ప్రకారం 56 లక్షల కుటుంబాలకు ఏ బ్యాంకులోనూ ఖాతా లేదు. అడిగితే వాళ్లు అన్నిటికంటే ఎక్కువగా చెప్పే కారణం కనీస నిల్వ ఉంచలేకపోవడం. ఖాతా లేకపోతే నష్టం ఎలా ఉంటుందో చూడండి. 2026 జనవరి 1 నుంచి అమెరికా నుంచి విదేశాలకు పంపే డబ్బుపై ఒక శాతం పన్ను పడింది. బ్యాంకు ఖాతా నుంచో, ఇక్కడి డెబిట్ కార్డుతోనో పంపేవాడికి ఆ పన్ను లేదు. నగదో మనియార్డరో ఇచ్చి పంపేవాడికే ఉంది. ఫోన్‌లో మీట నొక్కే మనకు సున్నా, మా సైట్లో పలుగు పట్టేవాడికి ఒక శాతం. లేనివాడి మీదే పన్ను అంటే ఇదే.

ఇక మన వైపు చూద్దాం. డర్హమ్‌ది పాతికేళ్ల నాటి కథే, మన తెలుగు నేల మీద కూడా దాదాపు ఆ రోజుల్లోనే ఒక పెద్ద ప్రయత్నం జరిగింది. మనవాళ్లకే అది అంతగా గుర్తు లేకపోవడం శోచనీయం.

2006లో రిజర్వు బ్యాంకు ఒక వెసులుబాటు ఇచ్చింది. శాఖ పెట్టలేని చోట బ్యాంకు తన తరఫున మనుషుల్ని పెట్టుకోవచ్చంది. వాళ్లకు బిజినెస్ కరస్పాండెంట్లని పేరు, ఊళ్లో మనం పిలిచేది బ్యాంకు మిత్ర అని. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీన్ని అందిపుచ్చుకుని ఉపాధి హామీ కూలి, సామాజిక పింఛన్లు స్మార్ట్ కార్డుల ద్వారా ఊళ్లోనే ఇప్పించే పని పెట్టుకుంది. అప్పటిదాకా కూలీ పోస్టాఫీసుకు పోవాలి, అక్కడ ఎవరో ఒకరి దయ ఉండాలి. కొత్త పద్ధతిలో కార్డు, వేలిముద్ర, చేతి మిషన్. మాకు నచ్చింది మిషన్ కాదు, ఆ మిషన్ ఎవరి చేతిలో పెట్టాలో రాసుకున్న నియమం. ఆమె అదే ఊరి మహిళ అయి ఉండాలి, పదో తరగతి దాకా చదివి ఉండాలి, పంచాయతీ పెద్దలకు బంధువు కాకూడదు, వీలైతే వెనకబడిన కులాల నుంచి, పొదుపు సంఘం నుంచి రావాలి. ఆ మూడో షరతు రాసినవాడెవరో గానీ ఊరు తెలిసినవాడే!

ఇది పనిచేసిందా లేదా అని కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు ఎనిమిది జిల్లాల్లో, 157 మండలాల్లో, దాదాపు కోటీ 90 లక్షల జనాభా మధ్య పరీక్షించి 2016లో ప్రచురించారు. ఒక్కోసారి కూలి తీసుకోవడానికి పట్టే సమయం సుమారు 22 నిమిషాలు తగ్గింది. పని చేశాక డబ్బు త్వరగా, చెప్పిన రోజుకు రావడం మొదలైంది. మధ్యలో కారిపోయేది తగ్గింది. కార్డు అందుకున్నవాళ్లలో 90 శాతానికి పైగా పాతదాని కంటే ఇదే మేలన్నారు. ఇంకో మాట కూడా ఆ లెక్కలోనే ఉంది. రెండేళ్ల తర్వాత కూడా ఆ మండలాల్లో కార్డు దారిలోకి వచ్చిన చెల్లింపులు సగమే. అంటే సగం సాగిన పనే ఇంత మేలు చేసింది. తర్వాత ఆధార్ వచ్చింది, స్మార్ట్ కార్డులు మూలపడ్డాయి. చేతి మిషన్, వేలిముద్ర మిగిలాయి.

ఈ పద్ధతికి పదేళ్ల తర్వాత అగ్నిపరీక్ష ఎదురైంది. ఆంధ్రప్రదేశ్‌లో వలంటీర్లు ఇంటికొచ్చి పింఛను చేతిలో పెట్టేవారు. ఎన్నికల కమిషన్ ఆదేశాలతో 2024 ఏప్రిల్‌లో వాళ్లను ఆ పని నుంచి తప్పించారు. ఆ నెల సచివాలయాల దగ్గర ఇచ్చారు. మేలో చాలామందికి డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాల్లో వేశారు. కాగితం మీద చూస్తే ఇంతకంటే శుభ్రమైన పద్ధతి ఉండదు. మధ్యవర్తి లేడు, సంతకం లేదు, అందరికీ ఒకేసారి. కానీ జరిగిందేమిటి? మే నెల ఎండలో ముసలాళ్లు బ్యాంకుల ముందు బారులు తీరారు. ఖాతా ఏ బ్యాంకులో ఉందో తెలియనివాళ్లు, పాసు పుస్తకం ఎక్కడ పెట్టారో మరిచినవాళ్లు, నిల్వ తక్కువైందని కోతలు పడి వచ్చింది పూర్తిగా చేతికందనివాళ్లు. తప్పు ఏ పార్టీది అన్న వాదన మాకొద్దు, దానికి అక్కడ మనుషులు చాలామంది ఉన్నారు. జూలై 1 నుంచి సచివాలయ ఉద్యోగులు మళ్లీ ఇంటికే తెచ్చి ఇస్తున్నారు. ఆ రెండు మూడు నెలలు మాత్రం ఒక నిజాన్ని బయటపెట్టాయి. ఖాతాలు ఉన్నాయి. ఆ ఖాతాలోంచి నోటు తీసి చేతిలో పెట్టే మనిషి దగ్గర్లో లేడు.

మాకు బాగా తెలిసిన విషయం ఇంకొకటుంది, అది వేలి గురించి. తడి సిమెంటులో క్షారం ఉంటుంది, అది చర్మాన్ని తినేస్తుంది. క్యారీలో చేతి తొడుగులు లేకుండా కాంక్రీటు దగ్గరికొస్తే మేమే మనిషిని వెనక్కి పంపేస్తాం. మన ఊళ్లో తాపీ మేస్త్రీ, ఇటుకలు మోసే కూలీ, మట్టి తవ్వే ఆడమనిషి ఉత్త చేతులతోనే చేస్తారు. పదేళ్లు అలా చేస్తే వేలి గీతలు అరిగిపోతాయి. మా అమ్మ మడిలో దిగినన్నాళ్లు దిగి, తర్వాత ఉపాధి పనిలో మట్టి తవ్వింది. 2024 జనవరి 1 నుంచి ఉపాధి హామీ కూలికి ఆధార్‌తో ముడిపడిన చెల్లింపే తప్పనిసరి చేశారు. ఆ కూలి ఊళ్లోనే తీసుకోవాలంటే వేలు పెట్టాలి. ఎక్కువ పని చేసిన చేతినే మిషన్ గుర్తు పట్టదు. ఆధార్‌లో కనుపాప కూడా నమోదై ఉంది కదా, వేలు కాదంటే కన్ను చూసే మిషన్ ప్రతి బ్యాంకు మిత్ర దగ్గరా ఎందుకు ఉండకూడదు? ఇది కొత్తగా కనిపెట్టాల్సిన వస్తువేమీ కాదు.

ఇక బ్యాంకు మిత్ర సంగతి. మా ఊళ్లో ఆ పని చేసేది మాకు వదిన వరస. ఆమె పని ఎలా నడుస్తుందో చెబితే చాలామంది ఎన్నారైలు నమ్మరు. పొద్దున్నే అన్నయ్య బండి మీద మండలం బ్యాంకుకు వెళ్తుంది. తన ఖాతాలోని సొంత డబ్బే నగదుగా తీసుకుంటుంది. సంచిలో పెట్టుకుని ఊరికొస్తుంది. ఎవరైనా వేలు పెట్టి వెయ్యి అడిగితే తన సంచిలోంచి వెయ్యి ఇస్తుంది, వాళ్ల ఖాతాలోని వెయ్యి ఆమె ఖాతాలోకి వస్తుంది. సంచి ఖాళీ అయ్యిందంటే ఆ రోజుకు బ్యాంకు మూసినట్టే, ఆమె ఖాతాలో ఎంత ఉన్నా సరే. మళ్లీ 14 కిలోమీటర్లు పోవాలి. ఒక్కో లావాదేవీకి ఆమెకు మిగిలేది కొద్ది రూపాయల కమీషను. పెట్రోలు ఆమెదే, దారిలో భయమూ ఆమెదే. సంచిలో డబ్బుందని ఊరందరికీ తెలుసు. డర్హమ్‌లో మన తోటి కూలీని ఏ భయం వెంటాడిందో, ఆ భయాన్నే ఇక్కడ ఒక ఆడమనిషి రోజూ బండి మీద మోస్తోంది.

కెన్యాలో 2007లో ఎం-పెసా మొదలైనప్పుడు అందరూ ఫోన్ గురించి మాట్లాడారు. ఫోన్‌లోని డబ్బును నోటుగా మార్చి ఇచ్చింది మాత్రం వీధి చివర కొట్టువాడు. వాడికి గిట్టుబాటైంది కాబట్టి నిలబడ్డాడు. మన బ్యాంకు మిత్రకు గిట్టుబాటు అయ్యేలా చూడకుండా అంతా డిజిటల్ అనుకుంటే పునాది వేయకుండా రెండో అంతస్తుకు సెంట్రింగ్ కొట్టినట్టు. యూపీఐ ఉంది కదా, నోటెందుకు అనేవాళ్లూ ఉన్నారు. ఉంది, 2016 నుంచి ఉంది, మేమూ వాడతాం. స్మార్ట్‌ఫోన్ లేని, చదువు రాని అరవై ఏళ్ల మనిషి సంతలో ఎండుచేపలు కొనడానికి దాన్ని ఎలా వాడాలో వాళ్లే వచ్చి నేర్పితే సంతోషిస్తాం.

క్యారీలో ఇల్లు కట్టి తాళం ఇవ్వాలంటే టౌన్ ఇన్‌స్పెక్టర్ రావాలి. ఆయన మా డ్రాయింగులు చూసి సంతోషపడడు. కుళాయి తిప్పుతాడు, స్విచ్ వేస్తాడు, మెట్ల రెయిలింగు పట్టుకుని ఊపుతాడు. నీళ్లు రాకపోతే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ లేదు, ఇల్లు ఎంత అందంగా ఉన్నా ఎవరూ అందులో కాపురం పెట్టకూడదు. బ్యాంకింగ్‌కు కూడా ఇలాంటి పరీక్ష కావాలి. నిజానికి రూలు ఉంది. 2017లో రిజర్వు బ్యాంకు బ్యాంకింగ్ అవుట్‌లెట్ అంటే ఏమిటో చెప్పింది. శాఖ సిబ్బంది గానీ, బ్యాంకు మిత్ర గానీ ఒకే చోట రోజుకు కనీసం 4 గంటలు, వారానికి కనీసం 5 రోజులు ఉండాలి. ప్రతి ఊరికీ 5 కిలోమీటర్ల లోపు అలాంటిది ఉండాలని 2019లో లక్ష్యం పెట్టుకుంది. మ్యాపు మీద చుక్కలు పెట్టి లెక్క చూపిస్తున్నారు, బాగానే ఉంది. ఆ చుక్క దగ్గరికెళ్లి కుళాయి తిప్పి చూసేవాడెవరు? ఇన్ని గంటలు తెరిచి ఉందా, నగదు ఉందా, మిషన్ ఎన్ని వేళ్లను కాదంది, వాళ్లు ఏమయ్యారు? ఈ నాలుగు ప్రశ్నలకు నెలకోసారి జవాబు పంచాయతీ గోడ మీద రాసి పెడితే చాలు. ప్రతి జిల్లాకూ లీడ్ బ్యాంకు ఉంది, రాష్ట్ర స్థాయిలో బ్యాంకర్ల సమితి ఉంది. ఎన్ని ఖాతాలు, ఎన్ని రుణాలు అన్న పట్టికల పక్కనే దీనికీ ఒక గడి పెట్టమని అడుగుతున్నాం.

కమీషను ఒక్కటే కాకుండా మారుమూల ఊళ్లకు నెలకు కొంత స్థిర జీతం ఇవ్వాలి. వారానికి రెండుసార్లయినా బ్యాంకే నగదు ఊరికి చేర్చాలి, ఆ సంచి బాధ్యత ఆడమనిషి భుజం మీద పెట్టకూడదు. ఖర్చవుతుంది, కాదనం. మా అమ్మ ఒక్క నెలలో ఆటోకు పెట్టిన 160 రూపాయలు ఏ లెక్కలోకీ రాని ఖర్చు. ఊరందరివీ కలిపితే ఎంతవుతుందో బ్యాంకులే లెక్క వేసుకోవాలి.

మనం చేయగలిగిందీ కొంత ఉంది. ఊరికి ఆర్చి కట్టించాం, వాటర్ ట్యాంకు మీద పేరు రాయించుకున్నాం, మంచిదే. బ్యాంకు మిత్ర కూర్చునే గదికి ఒక ఇన్వర్టర్, రసీదు ప్రింటర్, కనుపాప మిషన్ కొనివ్వడానికి ఆర్చి ఖర్చులో ఏ మూలకు వస్తుంది? బ్యాంకు చేయాల్సిన పని మనం నెత్తికెత్తుకోమనడం లేదు, అది అలవాటైతే బ్యాంకు హాయిగా చేతులు దులుపుకుంటుంది. ఊరెళ్లినప్పుడు ఒక పూట వెచ్చించండి. అమ్మానాన్నల పాసు పుస్తకం అచ్చు వేయించండి. ఖాతాకు ఏ ఫోన్ నంబరు కలిపి ఉందో చూడండి, మనం పాతికేళ్ల కిందట వాడి పారేసిన నంబరు ఉంటే ఆశ్చర్యపోకండి. నామినీ పేరు రాయించండి. వాళ్ల వేలు మిషన్ మీద పెట్టించి, పడుతుందో లేదో మీ కళ్లతో చూడండి.

మేం ఇప్పుడు ఒక కొత్త అలవాటు చేసుకున్నాం. శుక్రవారం సాయంత్రం మీట నొక్కే ముందు వదినకు ఫోన్ చేస్తున్నాం, సంచిలో డబ్బు ఎప్పుడుంటుందని. పోయినసారి ఆమె చెప్పింది: "సోమారం సంత బాబూ, ఉన్నదంతా ఐపోద్ది. మంగళారం పంపు. అత్త ఏలు పడకపోతే కుడిసేతి బొటనేలు ఎట్టి సూద్దాం."